కార్బురేటర్ నోట్లో గుడ్డ

"ఆ బండి మీద చెయ్యి వేశావంటే విరిచి చేతిలో పెడతా" అన్నాను.

కానిస్టేబుల్ ఆగిపోయాడు. వాడి చేతిలో ఐదు లీటర్ల పెట్రోలు డబ్బా ఉంది. మూత అప్పటికే తీసేశాడు.

ఇన్‌స్పెక్టర్ షెడ్డు గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"వచ్చావా తాతా! మనవళ్ళని ఆడించుకునే వయసులో ఎండన పడి ఈ డిటెక్టివ్ వేషాలెందుకు నీకు?"

"మా మనవళ్ళు నాకంటే తెలివైనవాళ్ళు. వాళ్ళే నన్ను ఆడిస్తారు. ముందు ఆ డబ్బా కింద పెట్టించు."

"పెట్టించను. ఈ బండి స్టార్ట్ చెయ్యాలి, వీడియో తియ్యాలి, ఐదింటికి మెజిస్ట్రేట్ గారికి చూపించాలి. ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు. సంతకం పెట్టాడు. ఇక నీకిక్కడ పనేంటి?"

టైము చూశాను. మూడూ ఇరవై.

జరిగింది ఇది. మంగళవారం నాలుగింటికి పెద్ద మేస్త్రీ ఈ షెడ్డులో చచ్చిపోయి కనిపించాడు. షెడ్డు ఆయన ఇంటి వెనకే. ఆయనా, తమ్ముడు చిన్న మేస్త్రీ కలిసి మూడేళ్ళుగా ఈ పాత పికప్ బండిని బాగుచేస్తున్నారు. అరవై ఏళ్ళ కిందటి బండి. తెచ్చినప్పుడు తుప్పు తప్ప ఏమీ లేదట. ఇప్పుడు నీలం రంగులో అద్దంలా మెరుస్తోంది.

ఆ రోజు ఒంటిగంటకి భోజనం చేసి పెద్ద మేస్త్రీ బండి పక్కనే మడత మంచం వేసుకుని పడుకున్నాడు. ఇంజను పొగ పీల్చి, ఒంటిగంటకీ మూడింటికీ మధ్య పోయాడని డాక్టరు రాశాడు. చూసేసరికి షట్టర్ పూర్తిగా దించి ఉంది. బండి తాళం తిప్పి ఉంది. పెట్రోలు ట్యాంకు ఖాళీ.

ఇన్‌స్పెక్టర్ లెక్క తేల్చేశాడు. అన్న నిద్రలో ఉండగా తమ్ముడు ఇంజను ఆన్ చేశాడు, షట్టర్ దించాడు, మేడెక్కి పడుకున్నాడు. పెట్రోలు అయిపోయేదాకా ఇంజను తిరిగింది. కారణం? ఆదివారం ఇద్దరూ రంగు దగ్గర కొట్లాడుకున్నారు. తమ్ముడికి ఆకుపచ్చ కావాలి. "నిన్ను ఈ బండి కిందే పూడ్చిపెడతా" అని అతను అరిచింది పక్కనున్న రంపపు మిల్లువాళ్ళంతా విన్నారు.

బుధవారం తమ్ముణ్ణి పట్టుకుపోయారు. గురువారం పొద్దున్నే పెద్ద మేస్త్రీ కూతురు నా దగ్గరికొచ్చింది. మొగుడితో పడక రెండు నెలలుగా పుట్టింట్లో ఉంటున్న పిల్ల.

"మా బాబాయ్ రోజుకి పదిసార్లు నాన్నని చంపుతానంటాడండీ. పదిసార్లూ తనే టీ పెట్టి ఇస్తాడు. ఆయన చెయ్యలేదు" అంది.

ఆ సాయంత్రమే ఆ బాబాయ్ నేనే చేశానని ఒప్పుకున్నాడు. ఈ రోజు ఐదింటికి మెజిస్ట్రేటు ముందు అదే మాట ఇంకోసారి అంటే ఇక దేవుడు కూడా బయటికి తేలేడు. సీలు వేసిన షెడ్డు ఇప్పుడు తెరిచారు. ఎందుకు తెరిచారంటే, ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తగలెయ్యడానికి.

ఒళ్ళు మండిపోయింది నాకు.

"జేబురుమాలు ఉందా?" అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో.

"ఎందుకు, ఏడుస్తావా?"

"నువ్వు ఏడుస్తావు. తియ్. నీ వేలికి చుట్టుకో. ఆ సైలెన్సర్ గొట్టంలో పెట్టు."

"నేనెందుకు పెట్టాలి?"

"నేను పెడితే తాత గారడీ అంటావు కాబట్టి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా పొగ తోసిన గొట్టం ఇది. లోపల నల్లగా మసి ఉండాలి. పెట్టి చూడు."

కానిస్టేబుల్ చూస్తున్నాడు. వాడి ముందు వెనక్కి తగ్గితే పరువుపోతుంది. ఇన్‌స్పెక్టర్ పళ్ళు నూరుతూ వంగి, తెల్ల రుమాలు చుట్టిన వేలు గొట్టంలో పెట్టి తిప్పాడు. బయటికి తీశాడు.

రుమాలు మీద పల్చగా నూనె జిడ్డు. కొత్త గొట్టానికి షాపువాడు పూసిన నూనె. మసి లేదు.

"తుడిచేసి ఉంటాడు" అన్నాడు.

"మనిషి నిలువంత పొడుగున్న గొట్టం. మధ్యలో రెండు వంపులు. అన్నని చంపి, కూర్చుని బ్రష్షు పెట్టి తోమాడా?"

"తోమి ఉండొచ్చు. మెకానిక్కే కదా."

"సరే రా."

ట్యాంకు మూత తీసి టార్చి వేశాను. "వాసన చూడు."

చూశాడు. ముఖం చిట్లించాడు. "పెట్రోలు కాదిది. ఏదో పెయింటు వాసన."

"ట్యాంకు లోపల తుప్పు పట్టకుండా వేసిన పూత. అది ఆరడానికే వారం పడుతుంది. ఆరకుండా పెట్రోలు పోస్తే పొరలు పొరలుగా లేచిపోతుంది. చూడు, ఎక్కడైనా లేచిందా? పెట్రోలు అయిపోలేదయ్యా. అసలు పొయ్యనే లేదు. ఖాళీ ట్యాంకు చూసి లెక్క కట్టేశావు. నిన్న గాక మొన్న చేసిన కుండ ఖాళీగా ఉంటే నీళ్ళు ఎవరో తాగేశారనుకునే రకం నువ్వు."

కానిస్టేబుల్‌కి నవ్వొచ్చింది. దగ్గుతో కప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనూ బళ్ళు చూశాను తాతా. సీసాలో పెట్రోలు పోసి, చిన్న ట్యూబుతో నేరుగా ఇంజనుకి పెట్టొచ్చు. ట్యాంకుతో పనే లేదు."

మాట నిజమే. బుర్ర ఉంది వీడికి. దాన్ని వాడటానికే బద్ధకం. అందుకే ఇంకా మండింది.

బానెట్ ఎత్తాను. ఇంజను మీద ఎయిర్ ఫిల్టర్ డబ్బా. గుండ్రంగా, నల్లగా, కొత్త రంగుతో ముద్దుగా ఉంది. ఇంజను ఆ డబ్బాలోంచే గాలి పీల్చాలి. పైన ఒకటే నట్టు, చేత్తో తిప్పేది.

"విప్పు."

"నాకు చెప్పకు."

"విప్పు! లేకపోతే మెజిస్ట్రేటు ముందు నేను విప్పుతా. అప్పుడు వీడియో నీది తీస్తారు."

విప్పాడు. డబ్బా రెండు చేతులా పైకి లేపాడు. అలాగే ఉండిపోయాడు.

కింద, గాలి ఇంజనులోకి పోయే కార్బురేటర్ నోట్లో గళ్ళ గుడ్డ ఉంది. బాగా నొక్కి, నోరు మొత్తం మూసుకుపోయేలా కుక్కి ఉంది.

"ఏంటిది?" గొంతు తగ్గింది.

"ఇంజను బిగించేవాళ్ళు తెరిచున్న ప్రతి నోటికీ గుడ్డ కుక్కుతారు. చిన్న నట్టు లోపల పడినా మొత్తం మళ్ళీ విప్పాలి. పని అంతా అయ్యాక, స్టార్ట్ చేసే ముందు తీస్తారు. అదిగో, రేడియేటర్ మూత తీస్తే అక్కడా ఉంటుంది గుడ్డ. నీళ్ళ చుక్క ఉండదు."

"మరి పైన ఫిల్టర్ ఎందుకు బిగించినట్టు?"

"ఆదివారం ఫోటో దిగారు. అందుకని పైపైన అన్నీ అమర్చారు. అమ్మాయి ఫోన్లో ఉంది ఫోటో. అన్నదమ్ములిద్దరూ బండికి చెరో పక్క. రంగు గొడవ కాబట్టి ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. చూసేవాడికి మాత్రం బండి తయారైపోయినట్టే ఉంటుంది. రంగుంది, అద్దాలున్నాయి, తాళం ఉంది. తాళం తిప్పి వెళ్ళినవాడు అలాగే అనుకున్నాడు. నువ్వూ అలాగే అనుకున్నావు. గుడ్డ కుక్కిన మనిషి అలా అనుకోడు."

ఇన్‌స్పెక్టర్ గుడ్డని ప్లాస్టిక్ కవర్లో వేయించాడు. పెట్రోలు డబ్బాకి మూత పెట్టమని కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. కానీ నోరు ఊరుకోలేదు.

"మనిషి పొగతోనే పోయాడు. అది డాక్టరు మాట. ఈ బండి కాకపోతే పొగ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదీ, ఇప్పటికి అడగాల్సిన ప్రశ్న అడిగావు."

గాలి కొట్టే కంప్రెసర్ చప్పుడెక్కువని దాన్ని వెనక సందులో రేకు కింద పెట్టారు. దాని ట్యూబు లోపలికి రావడానికి గోడకి మోకాలెత్తున కన్నం ఉంది. ట్యూబు ఇప్పుడు కన్నంలో లేదు. లోపలికి లాగి నేల మీద పడేసి ఉంది. మిగతా సామానంతా చూశాను. స్పానర్లు సైజు వారీగా మేకులకి ఉన్నాయి. చీపురు కూడా మేకుకే ఉంది. ఇంత పద్ధతి గల మనుషులు ట్యూబు అలా పడెయ్యరు.

సందులోకి నడిచాం. పక్క మిల్లులో రంపం గోలపెడుతోంది. ఇక్కడ కారు ఇంజను తిరిగినా ఎవడికీ వినపడదు.

బయట గోడకి, కన్నం చుట్టూ నల్లటి వలయం. వేలితో రుద్దాను. ఊడి వచ్చింది.

"ఎప్పటిదో" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పోయిన వారం బండికి రంగు కొట్టినప్పుడు తుంపరలు పడ్డాయని ఈ గోడకి సున్నం వేశారు. సున్నం మీద ఉంది మసి. ఎవడో కారుని వెనక్కి పెట్టి ఇక్కడ ఆపాడు. కారు గొట్టానికి వేరే ట్యూబు తగిలించి ఈ కన్నంలో దూర్చాడు. అంతకుముందే లోపలికెళ్ళి కంప్రెసర్ ట్యూబు లాగేసి, తాళం తిప్పి, షట్టర్ పూర్తిగా దించాడు, పాత బండి మీద పడుతుందని. చిన్న మేస్త్రీకి కారు లేదు. సైకిలుంది. సైకిలు పొగ వదలదు."

"అయితే వాడెందుకు ఒప్పుకున్నాడు?" అని అరిచాడు. "నేను వాణ్ణి కొట్టలేదు! ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు! వాడే పిలిచి, రాసుకోండి అన్నాడు!"

ఆ మాట నమ్మాను. అదే నన్ను తొలిచేస్తోంది.

"వాణ్ణే అడుగుదాం. పద."

స్టేషన్లో గడియారం నాలుగూ ఐదు చూపిస్తోంది. చిన్న మేస్త్రీ లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

కవరు కటకటాల్లోంచి లోపలికి పెట్టాను. "ఇదేంటో చెప్పు."

ఓరకంట చూశాడు. తర్వాత తిన్నగా చూశాడు. లేచి వచ్చాడు.

"నా పాత లుంగీ ముక్క."

"ఎక్కడ పెట్టావు?"

"శనివారం సాయంత్రం... కార్బురేటర్లో."

"ఎప్పుడు తీశావు?"

"తియ్యలేదు. సోమవారం గాస్కెట్ల కోసం పక్క ఊరెళ్ళాను. మంగళవారం పన్నెండున్నరకి వచ్చాను. తిన్నాను, పడుకున్నాను. షెడ్డులోకే వెళ్ళలేదు. మీకెక్కడిది?"

"ఇప్పుడే తీశాం. కార్బురేటర్లోంచి."

కవరు తీసుకుని వెలుతురుకి పట్టాడు.

"అయితే అన్నయ్య స్టార్ట్ చెయ్యలేదా?"

"లేదు."

కటకటాలు పట్టుకుని కూలబడ్డాడు. "మొదటిసారి ఇద్దరం కలిసి స్టార్ట్ చెయ్యాలని మాట అనుకున్నాం. తాళం ఆయన, కార్బురేటర్ నేను. నేను లేకుండా చేసేశాడే అనుకున్నాను. పోయాడని ఏడుస్తూనే, మాట తప్పాడని తిట్టుకున్నానండీ. శవాన్ని తిట్టాను."

జాలి వెయ్యాలి. నాకు కోపమే వచ్చింది.

"నోరు మూసుకుని విను. ఇంజను ఆన్ చేసింది నేనే, షట్టర్ దించింది నేనే అని సంతకం పెట్టావు. రెండూ అబద్ధం. ఎవరి కోసం?"

"ఎవరి కోసమూ కాదు."

"యాభై దాటాయి, ఇంకా అబద్ధం ఆడటం రాలేదు నీకు. ఎవరి కోసం?"

"మీకు దణ్ణం పెడతాను, వెళ్ళిపోండి."

"నీ అన్నని చంపినవాడు ఎక్కడో హాయిగా తిరుగుతున్నాడు. వాడికి కాపలా కాస్తున్నావు నువ్వు, ఈ కటకటాల వెనక కూర్చుని. సిగ్గులేదా?"

మాట తగిలింది. లేచి నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"చంపినవాడెవడూ లేడండీ! అమ్మాయి! మా అమ్మాయి షట్టర్ దించింది. వాళ్ళ నాన్న మొహాన ఎండ పడుతోందని దించింది. లోపల ఇంజను తిరుగుతోందని దానికి తెలీదు, మిల్లు గోలలో వినపడలేదు. అది తెలిసి చేసిందా? కన్నతండ్రిని తన చేత్తోనే చంపానని తెలిస్తే అది బతుకుతుందా? అందుకే నేనే అన్నాను. నాకేముంది, పెళ్ళామా పిల్లలా!"

ఇన్‌స్పెక్టర్ నా వెనకే ఉన్నాడు.

"అమ్మాయి సగమే దించింది" అన్నాను. "ఒంటిగంటంబావుకి. ఆ మాట దాచలేదు, నాతోనూ అంది, ఇతనితోనూ అంది. ఇతను రాసుకోలేదు. నాలుగింటికి టీ తీసుకెళ్తే పూర్తిగా దించి ఉంది. అయినా ఇంజను తిరగనేలేదని చెప్తున్నా కదా. ఆ పిల్ల చేతి మీద ఏమీ లేదు. అది సరే. అది షట్టర్ దించిందని నీకెవరు చెప్పారు?"

"అల్లుడు."

"ఎప్పుడు?"

"నిన్న. అన్నం తెచ్చాడు. పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు, 'బాబాయ్ గారూ, ఒంటిగంటంబావుకి మీ అమ్మాయే షట్టర్ దించింది. నా కళ్ళతో చూశాను. పోలీసులకి చెప్పమంటారా, మీరే ఏదో ఒకటి చూసుకుంటారా?' అన్నాడు. ఎంత మంచివాడు, పెళ్ళాన్ని కాపాడుకుంటున్నాడు అనుకున్నాను. ఆదివారం అన్నయ్య అతన్ని ఆ బండి ముందు నిలబెట్టి, 'మా అమ్మాయి ఇక నీ ఇంటికి రాదు, నువ్వు మా గుమ్మం తొక్కకు' అని తిట్టాడు కూడా. అయినా మనసులో పెట్టుకోలేదు కదా అనుకున్నాను."

నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. "మంగళవారం అల్లుడు ఎన్నింటికొచ్చానన్నాడు నీతో?"

వాడి దగ్గర కాగితం ఉంది. చూడక్కర్లేకపోయింది.

"నాలుగున్నరకి. అమ్మాయి ఫోన్ చేస్తే ఆఫీసు నుంచి కారేసుకుని వచ్చానన్నాడు."

"నాలుగున్నరకి వచ్చినవాడు ఒంటిగంటంబావుకి కళ్ళతో ఎలా చూశాడు?"

చిన్న మేస్త్రీ కటకటాలు వదిలి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీ సంతకమే వాడికి కావల్సింది" అన్నాను అతనితో. "అన్న పోయాడు. అడ్డం నిలబడే మగాడు ఇంకొక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ తనంతట తను జైల్లోకి నడిచాడు. పిల్లని కాపాడుతున్నాననుకుని వాడి చేతిలో పెట్టావు."

"అమ్మాయి ఎక్కడుంది?" అన్నాడు చిన్న మేస్త్రీ.

ఆ ప్రశ్న నాది కూడా. ఇన్‌స్పెక్టర్ నేల చూస్తున్నాడు.

"చెప్పు!"

"రెండున్నరకి ఇద్దరూ ఇక్కడికే వచ్చారు. బాబాయ్‌ని ఒక్కసారి చూడాలని ఏడ్చింది. కుదరదన్నాను. ఇంట్లో ఒంటరిగా ఎలా ఉంటుంది, మా ఊరు తీసుకెళ్తానన్నాడు అతను. వెళ్ళనంది. నేనే..." ఆగాడు. "నేనే అన్నాను. 'వెళ్ళమ్మా, మొగుడితో వెళ్ళక ఎక్కడుంటావు' అని. కారు దాకా కానిస్టేబుల్‌ని కూడా తోడు పంపాను."

వాణ్ణి కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. టైము లేదు.

ఆమె నంబరుకి ఫోన్ చేశాను. అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచాను. ఆరుసార్లు మోగింది. ఏడోసారి ఎత్తారు.

మగ గొంతు. "ఎవరండీ?"

"మీ మావగారి కేసు చూస్తున్నవాణ్ణి. ఒక చిన్న సంతకం సంగతి. అమ్మాయికివ్వండి."

"పడుకుందండీ." మెత్తగా, మర్యాదగా అన్నాడు. "నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు కదా, పాపం. మంచి నిద్రలో ఉంది. లేపడం ఎందుకు లెండి."

"ఎక్కడిదాకా వెళ్ళారు?"

పెట్టేశాడు. మళ్ళీ చేశాను. స్విచాఫ్.

"తాతా, నిజంగానే పడుకుందేమో" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో నమ్మకం లేదు. "అలిసిపోయింది కదా."

చిన్న మేస్త్రీ కటకటాలకి నుదురు ఆనించాడు.

"అది పగలు పడుకోదండీ. వదిన పోయాక నేనే పెంచాను. పసిగుడ్డుగా ఉన్నప్పుడు కూడా పగలు కన్ను మూసేది కాదు. చేతులు పడిపోయేలా ఉయ్యాల ఊపేవాణ్ణి, నా మొహంలోకి చూస్తూ నవ్వేది. జ్వరంలో కూడా పడుకోలేదు. వాళ్ళ నాన్న శవం దగ్గర కూడా పడుకోలేదు. అది పగలు పడుకోదు."

ఇన్‌స్పెక్టర్ మేకుకున్న తాళాలు తీశాడు. ఎవరి అనుమతీ అడగలేదు. లాకప్ తలుపు తనే తీశాడు.

"జీపెక్కు" అన్నాడు చిన్న మేస్త్రీతో. నా మొహం చూడకుండా, "నువ్వూ ఎక్కు" అన్నాడు.

జీపు గేటు దాటి అల్లుడి ఊరి దారి పట్టేసరికి నాలుగూ నలభై. ఆ కారు బయల్దేరి రెండు గంటలైంది.